పీపా ఒకటే, రుచే వేరు

ఊళ్లో అందరూ అతన్ని గొట్టాలాయన అనేవారు. ఎదురుగా ఉంటే గొట్టాలాయన, వెనక్కి తిరిగితే గొట్టంగాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. "ఏ గొట్టంగాడైతే నాకేంటి అని ఎవరన్నా అంటే నన్ను చూపించండి. ఆ గొట్టంగాడిని నేనే," అని తనే ముందు నవ్వేసి ఎదుటివాళ్ల నోటికి తాళం వేసేవాడు.

అతని పని బార్లలో బీరు గొట్టాలు కడగడం. అలాంటి పని ఒకటుందని చాలామందికి తెలియదు. కౌంటర్ మీద కుళాయి వంచితే గ్లాసులోకి బీరు పడుతుందని తెలుసు గానీ, ఆ బీరు కింద సరుకుగదిలో పీపాలోంచి బయలుదేరి, గోడ వెంబడి, నేల కిందుగా, కౌంటర్ వెనక పాకుతూ, కూలర్‌లో చల్లబడి వస్తుందని ఎవరు ఆలోచిస్తారు? ఆ దారి పొడవునా గొట్టం లోపల జిగురు పడుతుంది. నాలుగు రోజులు అశ్రద్ధ చేస్తే బీరు తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. అందుకని గొట్టాలాయన వంతులవారీగా ఒక్కో బారుకి పొద్దున్నే వెళ్లేవాడు. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, గొట్టాల్లోకి ఘాటైన మందునీళ్లు ఎక్కించి, కాసేపు నాననిచ్చి, చన్నీళ్లు పారించి, చివర్న మళ్లీ బీరు ఎక్కించేవాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేసేవాడు. మందు వాసన తగలకపోతే పని అయినట్టు లెక్క.

అంతకు ముందు ఇళ్లలో నీళ్ల గొట్టాలు బిగించేవాడు. ఒకసారి ఓ బారులో సింకు బాగుచేయడానికి వెళ్తే, ఆ యజమాని "నీళ్ల గొట్టం తెలిసినవాడికి బీరు గొట్టం తెలియకుండా పోతుందా" అని ఈ పని అంటగట్టాడు. అది కాస్తా బతుకుతెరువైంది. "రెంటికీ పెద్ద తేడా లేదు," అనేవాడతను. "నీళ్ల గొట్టం చెడితే ఒక ఇల్లాలు తిడుతుంది, బీరు గొట్టం చెడితే ఊరంతా తిడుతుంది."

ఇంట్లో ముగ్గురే. అతను, తపాలా ఆఫీసు కౌంటర్లో పనిచేసే భార్య, భార్య తల్లి. అత్తగారు ఉద్యోగమున్నన్నాళ్లూ ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసింది. ఊళ్లో సగంమందికి మొదటి స్నానం ఆవిడ చేతుల మీదుగానే జరిగింది. అందుకేనేమో ఎంత పెద్దమనిషినైనా సరే, గుడ్డల్లో చుట్టి ఉన్నప్పుడు చూసినట్టే చూసేది. ఆవిడ జన్మలో బీరు ముట్టలేదు. అల్లుడి బట్టలు నానబెడుతూ, "చేదుగా ఉంటే మందంటారు, పుల్లగా ఉంటే పాడైందంటారు. చేదుగా పుల్లగా ఉండేదాన్ని డబ్బులు పెట్టి కొనుక్కోవడమేంటి నాయనా," అని రోజుకోసారి అడిగేది.

ఆ ప్రశ్నే గొట్టాలాయన్ని కూడా తొలుస్తూ ఉండేది. రోజుకి అన్ని రకాల బీరు నోట్లో పోసుకుంటాడు గానీ, ఏదీ గొంతు దిగదు. జనం అంత ఇష్టంగా తాగేదాంట్లో ఏముందో అతనికి అంతుబట్టేది కాదు. అందుకని పని లేని సాయంత్రాలు ఏదో ఒక బారులో కూర్చుని, పక్కవాళ్లని పలకరించి, వాళ్లకిష్టమైన బీరు ఏదో, ఎందుకో అడగడం అలవాటు చేసుకున్నాడు. చొరవగా అడిగేవాడు, ఓపికగా వినేవాడు. అలా అడిగేవాణ్ణి ఎవరూ కసురుకోరు.

బస్సు డ్రైవరు ఒకాయన ఎప్పుడూ చిక్కటి నల్లబీరు తాగేవాడు. "ఇది గబగబా తాగడం కుదరదు. పొద్దున్నుంచీ టైము నన్ను తరుముతుంది. ఇదొక్కటే తరమదు," అన్నాడు. బడిపంతులమ్మకి మబ్బుగా ఉండే గోధుమబీరు ఇష్టం. అందులో అరటిపండు వాసన వస్తుందట, చిన్నప్పుడు ఆవిడ పుస్తకాల సంచీ అదే వాసన వచ్చేదట. ఇళ్లకి రంగులేసే పెయింటరు మాత్రం పల్చటి పసుపుపచ్చని లాగర్ తప్ప ఏదీ ముట్టడు. "దాంట్లో రుచేముంది?" అని గొట్టాలాయన అడిగితే, "ఏమీ లేదు. అదే కావాలి నాకు. రోజంతా ముక్కునిండా రంగు కంపే," అన్నాడు. బ్యాంకు గుమాస్తా ఊళ్లో దొరికే వాటిలోకెల్లా చేదు బీరు ఏరి కోరి తాగేవాడు. గుక్కగుక్కకీ ముఖం ముడుచుకునేవాడు కూడా. ఎందుకయ్యా ఈ తిప్పలని అడిగితే, "మా బావమరిది నీవల్ల కాదన్నాడు," అన్నాడు.

ఇవన్నీ ఇంటికెళ్లి అత్తగారికి చెప్పేవాడు. ఆవిడ శ్రద్ధగా వినేది. విని, "ఎవడి పిచ్చి వాడికానందం," అని తేల్చేసేది. కాసేపాగి, "ఇంతకీ ఆ పంతులమ్మ అరటిపండే తినొచ్చుగా?" అనేది.

ఇలా ఉండగా మెట్లకింద బారు సంగతి అతని చెవినపడింది.

ఆ బారు వీధికన్నా పల్లంలో ఉండేది. ఆరు మెట్లు దిగి, తలొంచుకుని లోపలికి వెళ్లాలి. ఇరుకైన గది, నాలుగు బల్లలు, ఎత్తులో ఒక్కటే కిటికీ. దాంట్లోంచి వీధిలో పోయేవాళ్ల కాళ్లు తప్ప మరేమీ కనపడవు. నడిపేది ఒక నడివయసు ఆవిడ. వయసుతో నిమిత్తం లేకుండా అందరూ ఆవిడని అక్క అనేవారు. ఆ బారులో ఎక్కువగా అమ్ముడయ్యేది ముదురు ఇటుకరంగు బీరు. ఊళ్లో మిగతా బార్లలోనూ అదే బీరు, అదే ఫ్యాక్టరీ, అదే లారీలో దిగే పీపాలు. అయినా ఇటుకరంగు బీరంటే మెట్లకింద బారుదే అని జనం ఒట్టేసి చెప్పేవారు. ఊరి ఆ చివర్నుంచి కూడా నడుచుకుంటూ వచ్చేవాళ్లున్నారు. గడియారాలు బాగుచేసే పెద్దావిడ ఒకామె రోజూ దుకాణం మూసి అక్కడికే వచ్చేది. "మిగతాచోట్ల బీరు పోస్తారు. ఇక్కడ బీరు మాట్లాడుతుంది," అని ఆమె చెప్పింది.

గొట్టాలాయనకి మొదట నవ్వొచ్చింది. 'పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టుంది వీళ్ల వ్యవహారం' అనుకున్నాడు. ఆ బారు గొట్టాలు కడిగేదీ తనే, ఆ బీరు పుక్కిలించి ఉమ్మేదీ తనే. ఏ తేడా తగల్లేదే? సరే, చూద్దామని ఒక సాయంత్రం వెళ్లి, పిడి ఉన్న మందపాటి గ్లాసులో ఇటుకరంగు బీరు పోయించుకుని, ఉమ్మకుండా మింగాడు.

మింగి, గ్లాసు వంక చూశాడు. మళ్లీ ఒక గుక్క తాగాడు. వేయించిన గింజల వాసన, దాని వెనక ఎండుద్రాక్ష లాంటిదేదో, ఆ పైన మాడీ మాడని చక్కెర. నిజంగానే వేరే బీరు. అక్కణ్ణుంచి లేచి, నేరుగా పక్కవీధి బారుకి వెళ్లి అదే బీరు అడిగాడు. అక్కడ అది తియ్యటి సోడాలాగా జారిపోయింది, అంతే.

ఆ రోజునుంచి అతనికి అదే లోకమైంది. చేతిలో పని చేతిలోనే ఉండేది, ధ్యాస మెట్లకింద ఉండేది.

మొదట గొట్టాన్ని అనుమానించాడు. పాత గొట్టంలో ఏ రుచో ఇంకిపోయిందేమోనని, గొట్టం అరిగిపోయిందని అక్కకి చెప్పి కొత్తది వేశాడు. రుచి చెక్కుచెదరలేదు. తర్వాత పీపాని అనుమానించాడు. లారీ డ్రైవర్ని బతిమాలి, పక్కవీధి బారులో దిగాల్సిన పీపాని ఇక్కడా, ఇక్కడ దిగాల్సింది అక్కడా దించమన్నాడు. అక్కడి పీపా ఇక్కడికొచ్చి మాట్లాడటం మొదలుపెట్టింది. ఇక్కడిది అక్కడికెళ్లి నోరు మూసుకుంది. గ్లాసులేమో అన్నిచోట్లా ఫ్యాక్టరీ ఇచ్చినవే. ఆఖరికి రెండు సీసాలు తెచ్చి, ఒకదాంట్లో ఇక్కడి బీరు, ఇంకోదాంట్లో అక్కడి బీరు పట్టించి, బిరడాలు బిగించి ఇంటికి తీసుకెళ్లాడు. ఇల్లు చేరేసరికి భార్య భోజనానికి పిలిచింది. భోజనమయ్యేదాకా పాడవకుండా ఆ ఇల్లాలు సీసాలు రెండూ ఫ్రిజ్‌లో పెట్టింది. తీరిగ్గా తీసి తాగిచూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకేలా, చప్పగా.

"దారిలో మాయమైపోయింది," అన్నాడు దిగులుగా.

"మాయమవడానికది దయ్యమా?" అంది భార్య. "ఏమండీ, మీరు బట్టలకి బొత్తాలు కూడా సరిగ్గా పెట్టుకోవడం లేదు ఈమధ్య. తపాలా ఆఫీసుకొచ్చిన బ్యాంకు గుమాస్తా నన్నడిగాడు, మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా అని."

ఇక మిగిలింది ఒకటే. అక్క దాంట్లో ఏదైనా కలుపుతోందేమో. ఆ అనుమానం రావడానికి అతనికే సిగ్గేసింది. అయినా మనసు ఊరుకోలేదు. పొద్దున్న పనికెళ్లినప్పుడు, గ్లాసులు తుడుస్తున్న అక్క దగ్గర మాట కదిపాడు.

"అక్కా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోరుగా? మీ ఇటుకరంగు బీరులో... మీరేమన్నా ప్రత్యేకంగా..."

"ప్రత్యేకంగా?"

"అంటే, ఏదన్నా చేస్తారా అని. ఎక్కడా లేనిది ఇక్కడుంది కదా."

అక్క గ్లాసు కింద పెట్టింది. ముఖం కందిపోయింది. "కల్తీ చేస్తున్నానంటావా?"

"అయ్యో, ఆ మాట కాదక్కా..."

"మరే మాట? ఇన్నేళ్లుగా ఇక్కడ నిలబడి బీరు పోస్తున్నాను. ఇటువంటి మాట ఎవరూ అనలేదు. గొట్టాలు కడగడానికొచ్చావు, కడుక్కుని వెళ్లు. వచ్చే వంతుకి రావద్దు, నేనింకెవర్నన్నా చూసుకుంటాను."

అతను మాట మీద మాట చెప్పబోయాడు, అది ఇంకా చెడింది. సామాను సర్దుకుని ఆరు మెట్లూ ఎక్కాడు. అక్క అరవలేదు. అరిచి ఉంటే ఇంత బాధ ఉండేది కాదనిపించింది.

ఇంట్లో రెండు రోజులు దాచాడు. మూడోనాడు అత్తగారు కూపీ లాగింది. అంతా విని, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఉన్నదాన్ని అడగడానికి కూడా ఒక పద్ధతుంది నాయనా," అంది.

"నిజమే అత్తయ్యా. వెళ్లి క్షమించమని అడుగుతాను."

"నువ్వొద్దు. నువ్వు నోరు విప్పితే పుండు మీద కారం చల్లినట్టుంటుంది. నేనూ వస్తాను పద. ఆవిడ మనసు కష్టపెట్టింది మనింటి మనిషి కదా."

"మీరా? బారుకా?"

"ఏం, అక్కడ నాలాంటివాళ్లు కూర్చోకూడదని రాసుందా?"

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు మంచి చీర కట్టుకుని, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆచితూచి దిగింది. గొట్టాలాయన వెనక దొంగలా దిగాడు. అప్పటికి బారులో జనం పలచగా ఉన్నారు. గడియారాల పెద్దావిడ ఒక మూల, బ్యాంకు గుమాస్తా ఒక మూల. అక్క గొట్టాలాయన్ని చూసి మొహం తిప్పుకుంది గానీ, అత్తగారిని చూసి కుర్చీ లాగింది.

"అమ్మా, నీ పుట్టినరోజు నాకు తెలుసు," అంది అత్తగారు కూర్చుంటూ. "పెద్ద గాలివాన. కరెంటు పోయింది. నీళ్లు స్టవ్వు మీద కాచి నీకు స్నానం చేయించాను. అప్పుడు కూడా ఇలాగే ముఖం కందగడ్డలా చేసుకున్నావు."

మూలనుంచి గడియారాలావిడ నవ్వడం వినిపించింది.

"మా అల్లుడికి మాట్లాడటం రాదు. గొట్టాలతో మాట్లాడీ మాట్లాడీ మనుషులతో మర్చిపోయాడు. వాడు నిన్ను తప్పుపట్టలేదమ్మా. నీ బీరుకి పడిపోయి, నిద్రాహారాలు మానేసి తిరుగుతున్నాడు. అంత గొప్పదేముందో చూద్దామని వచ్చాను. నాకూ కాస్త పొయ్యి."

అక్క కుళాయి వంచింది. గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. అత్తగారు పిడి పట్టుకోలేదు. పసిపిల్ల తలని పట్టుకున్నట్టు రెండు అరచేతులూ గ్లాసు చుట్టూ వేసి పట్టుకుంది. పట్టుకుని, తాగకుండా, అలాగే కాసేపు ఉంది.

"ఇదేంటి? బీరంటే పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంటుందని కదా చెప్పావు?" అంది అల్లుడితో. "ఇది చల్లగా లేదే. వెచ్చగానూ లేదు. బావి నీళ్లలా ఉంది."

గొట్టాలాయన చటుక్కున చెయ్యి చాచి గ్లాసు ముట్టుకున్నాడు. పనిచేసేటప్పుడు ఎప్పుడూ రబ్బరు తొడుగులే. తాగేటప్పుడు ఎప్పుడూ పిడే. నోట్లో పోసుకున్నా ధ్యాసంతా రుచి మీదే తప్ప చల్లదనం మీద ఎన్నడూ లేదు. ఫ్రిజ్‌లో పెట్టిన సీసాలు గుర్తొచ్చాయి. ఆ బారులో లాగర్ తాగేవాళ్లు ఎందుకు కనపడరో కూడా అప్పుడే తట్టింది. సంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"అక్కా," అన్నాడు మెల్లగా, "కౌంటర్ కింద కూలర్ పనిచేస్తోందా?"

అక్క ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. ఎదురు కుర్చీలో కూలబడింది. "ఆ రోజు నువ్వడిగింది దాని గురించే అనుకున్నాను తమ్ముడూ. తెలిసిపోయింది, నలుగురిలో పరువు తీస్తావనుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. అది ముసలిదైపోయింది. సగమే చల్లబరుస్తుంది. పెయింటరొకసారొచ్చి లాగర్ తాగి, ఇది బీరా వేణ్ణీళ్లా అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. కొత్త కూలర్‌కి చెప్పేశాను, వచ్చేవారం వస్తుంది. అందాకా ఎవరూ అడక్కుండా ఉంటే చాలని రోజూ భయపడుతూనే ఉన్నాను."

"భయమెందుకక్కా? జనం అంత దూరం నడిచొచ్చేది దానికోసమే."

"నన్ను ఓదార్చడానికి చెప్పకు."

"అయితే చూపిస్తాను."

అతను రెండు జగ్గుల్లో ఇటుకరంగు బీరు పట్టాడు. ఒకదాన్ని అక్క దగ్గరున్న ఐసుముక్కల బకెట్‌లో ముంచిపెట్టాడు, రెండోదాన్ని బల్ల మీదే ఉంచాడు. అందరూ దాని చుట్టూ చేరారు. బాగా చల్లబడ్డాక, రెంటిలోంచీ చిన్న గ్లాసుల్లోకి వంచి, గడియారాలావిడని కళ్లు మూసుకోమన్నాడు. బయటున్న జగ్గులోది తాగి ఆమె తలూపింది. ఐసులోది తాగి కళ్లు తెరిచింది.

"ఇది పక్కవీధిది. ఎప్పుడు తెప్పించావు?"

"ఎక్కడిదీ కాదు, ఇక్కడిదే."

ఆమె నమ్మలేదు. గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన లేదు. ఆ జగ్గుని ఐసులోంచి తీసి బల్ల మీద పెట్టి, కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. బ్యాంకు గుమాస్తా వేలితో జగ్గుని పదేపదే ముట్టుకుని చూస్తూ, "ఇంకా కాలేదు, ఇంకా కాలేదు," అంటుంటే అత్తగారు వేళ్ల మీద ఒకటిచ్చింది. కాసేపటికి గడియారాలావిడ మళ్లీ పోయించుకుంది. ఒక గుక్క తాగి, చిన్నగా నవ్వింది. "వచ్చింది. గింజలొచ్చాయి, ఇదిగో ఎండుద్రాక్ష కూడా వచ్చింది. ఎక్కడికెళ్లిందో ఇంతసేపూ?"

"ఎక్కడికీ వెళ్లలేదు. చలికి ముడుచుకు పడుకుంది," అంది అత్తగారు. "పసిపిల్లలూ అంతే. చన్నీళ్లు పోస్తే బిగుసుకుపోతారు, గోరువెచ్చటివి పోస్తే చేతులూ కాళ్లూ చాపుతారు."

అక్క ఆ గ్లాసు తీసుకుని తనే తాగింది. ఇన్నేళ్లూ సిగ్గుపడుతూ పోసిన బీరు అది.

తర్వాత అందరికీ పిచ్చి పట్టినట్టయింది. అయితే చేదు బీరు సంగతేంటని గుమాస్తా అడిగాడు. దాన్ని ఐసులో పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి తాగాడు. చల్లగా ఉన్నప్పుడు చేదొక్కటే తగిలిందనీ, చలి వదిలాక నారింజ తొక్క వాసన వేసిందనీ చెప్పాడు. అదే తనకు నచ్చిందని కూడా ఒప్పుకున్నాడు. నల్లబీరుకి ఇంకాస్త వెచ్చదనం కావాలని గడియారాలావిడ అంది. లాగర్ మాత్రం ఆ పరీక్షలో చతికిలబడింది. చలి వదిలితే అది తడిసిన పిండిలా ఉంది. ఐసులోంచి తీసినప్పుడే దాని అందం. గొట్టాలాయన ఆ చల్లటి గ్లాసు ఎత్తి, గటగటా తాగి, మూతి తుడుచుకుని ఉలిక్కిపడ్డాడు. గొంతులోంచి మందునీళ్ల ఘాటంతా కడిగేసినట్టు హాయిగా ఉంది. నెలల తరబడి ఇటుకరంగు బీరు వెంట పడ్డ మనిషి! ఎవరెప్పుడడిగినా, ఆ రోజునుంచి అతనికి ఇష్టమైంది లాగరే. పెయింటరు ఎందుకలా అన్నాడో ఇప్పుడు తెలిసింది. ముక్కునిండా పని వాసన ఉన్నవాడికి, ఏ వాసనా లేకపోవడమే ఓ రుచి.

కొత్త కూలర్ చెప్పిన రోజుకే వచ్చింది. వద్దని తిప్పి పంపేద్దామా అని అక్క అడిగింది. గొట్టాలాయన ఆలోచించి, కొత్తది లాగర్ గొట్టానికి తగిలించాడు. ఇటుకరంగు బీరు, నల్లబీరు పాత కూలర్‌లోంచే పోనిచ్చాడు. ముసలి కూలర్ ఇప్పుడు ఒళ్లు దాచుకోకుండా, దాని వయసుకి తగ్గ పని చేసుకుంటోంది. పెయింటర్ని అతనే చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, మొదటి గ్లాసు ఇప్పించాడు. పెయింటరు తాగి, "ఆఁ," అన్నాడు. అంతే. అయినా మర్నాడు మళ్లీ వచ్చాడు.

ఇంతటితో ఆగితే గొట్టాలాయన గొట్టాలాయన ఎందుకవుతాడు? తెలిసిన కొత్త సంగతి కడుపులో దాగలేదు. ఏ బారుకెళ్తే ఆ బారులో చెప్పాడు. కొందరు విన్నారు. ఒకాయన, "వెచ్చగా తాగాలంటే కషాయం ఉందిగా," అని నవ్వేశాడు. పక్కవీధి బారు యజమాని నమ్మి, అతను చెప్పినట్టే కూలర్ మీట తిప్పించుకున్నాడు. కాని అన్ని బీర్లకీ ఒకే కూలరని గొట్టాలాయన ఉత్సాహంలో మర్చిపోయాడు. చల్లదనం తగ్గి లాగర్ పొంగిపోయింది. సాయంత్రానికి ఆ బారులో దాని కుళాయి వంచితే నురగ తప్ప బీరు పడలేదు. గ్లాసులు, కౌంటరు, యజమాని చొక్కా, అంతా నురగే. గొట్టాలాయన వెళ్లి క్షమాపణ చెప్పుకుని, మీట మళ్లీ వెనక్కి తిప్పి, నేల తుడిచి వచ్చాడు. ఇంట్లో భార్య ఆ చొక్కా కథ విని నవ్వలేక కడుపు పట్టుకుంది. "లోకో భిన్నరుచి అని ఊరికే అన్నారా? ఒక్కొక్కళ్లకి ఒక్కో చలి," అంది.

"అది నేనే కనిపెట్టాను," అన్నాడతను.

"మా అమ్మ కనిపెట్టింది," అంది ఆవిడ.



అత్తగారు మాత్రం మెట్లకింద బారుకి ఆదివారం మనిషయింది. ఇటుకరంగు బీరు ఆవిడకి నచ్చలేదు. మాడిన వాసనట. చేదుదాన్ని నాలిక్కి కూడా తగలనివ్వలేదు. పంతులమ్మ పక్కన కూర్చుని అరగ్లాసు గోధుమబీరు, అదీ సగం పంతులమ్మకే వంచి, మిగతాది మధ్యాహ్నమంతా చప్పరించేది. అరటిపండు వాసన వచ్చినప్పుడల్లా వెతికేది, ఎప్పుడూ దొరికేది కాదు. "నీ ముక్కుకే ఉందమ్మా ఆ పండు," అనేది. అయినా వెతకడం మానలేదు. వచ్చినవాళ్లలో సగంమంది ఆవిడ చేతుల్లో స్నానం చేసినవాళ్లే. వాళ్లని పేరు పెట్టి కాక, పుట్టినప్పటి బరువుతో పిలిచేది. అది తట్టుకోలేక బ్యాంకు గుమాస్తా ఆదివారాలు రావడం మానేసి శనివారాలు రావడం మొదలుపెట్టాడు.

మెట్లకింద బారు గొట్టాలు ఎప్పటిలా గొట్టాలాయనే కడిగేవాడు. అక్క ఆ రోజు అన్న మాటల ఊసెత్తలేదు, అతనూ ఎత్తలేదు. పనయ్యాక పుక్కిలించి ఉమ్మడానికి గ్లాసు ఎత్తినప్పుడు మాత్రం, ఇప్పుడు తొడుగు తీసి ఉత్త చేత్తో పట్టుకునేవాడు.

ఒక ఆదివారం అతను అత్తగారిని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాడు. బస్సు డ్రైవరు అప్పుడే నల్లబీరు పోయించుకుని, గ్లాసు బల్ల మీద పెట్టి, దాని నురగ కుదురుకోవడం కోసం చూస్తున్నాడు. అత్తగారు ఆ గ్లాసు వంక వంగి, కళ్లద్దాలు సర్దుకుని, చూపుడువేలు గ్లాసుకి ఆనించింది.

"నాయనా, ఇలా రా. నీళ్లు కాచినా, సోడా కొట్టినా బుడగలు పైకి కదా పోవాలి?"

"అవును అత్తయ్యా."

"మరి ఇవి కిందికి పోతున్నాయేంటి?"

గొట్టాలాయన నవ్వుతూ వంగి చూశాడు. నవ్వు ఆగిపోయింది. గ్లాసు అంచుల వెంబడి సన్నటి బుడగలు, ఇసుక జారినట్టు, బారులు తీరి కిందికి దిగుతున్నాయి. డ్రైవరు కూడా వంగాడు. ఇన్నేళ్లుగా ఆ బీరే తాగుతున్నవాడు, ఎన్నడూ చూడలేదట. గొట్టాలాయన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా," అని కేకేశాడు, "ఇంకో నల్లబీరు పొయ్యండి. మెల్లగా పొయ్యండి, నేను చూడాలి."